ముందు యాక్సిల్‌లో ఆయిలు చివరిసారి ఎప్పుడు మార్చారు?

పోస్టు పెద్దదే. ఇప్పుడు తీరిక లేకపోతే రాత్రి భోజనాలయ్యాక చదవండి. ఇంటి ముందు ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు ఉన్నవాళ్ళు మాత్రం వదిలెయ్యకుండా చదవండి.

పైన అడిగింది ఇంజన్ ఆయిలు గురించి కాదు. ఇంజన్ ఆయిలు అందరం మారుస్తాం. గంటల మీటరు చూసుకుని, ఆలస్యమైతే డ్రైవర్ని తిట్టి మరీ మార్పిస్తాం. వెనక గేరు బాక్సు, డిఫరెన్షియలు, లిఫ్టు అన్నీ కలిసి ఉండే పెద్ద ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి "తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నాంగా" అంటారు. ఇక ముందు యాక్సిల్ సంగతి అడిగితే నా మొహం చూస్తారు. "దాంట్లో కూడా ఆయిలు ఉంటదా అన్నా?" అని అడిగినవాళ్ళు ఉన్నారు. కొత్తగా కొన్నవాళ్ళు కాదు, నాలుగు దాళ్వాలు దమ్ము చేసినవాళ్ళు.

నేనిప్పుడు ఆ రైతుల్ని ఎగతాళి చెయ్యడానికి రాయట్లేదు. వాళ్ళకి ఎవరు చెప్పారు గనక? బండి ఇచ్చేటప్పుడు దండ వేసి, కొబ్బరికాయ కొట్టించి, తాళం చేతికిచ్చి ఫొటో తీస్తారు. పుస్తకం మాత్రం సీటు కింద పెట్టె లోపల ప్లాస్టిక్ కవర్లోనే ఉంటుంది. ఆ పుస్తకంలో ఏ ఆయిలు, ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలకి అని పట్టిక ఉంటుంది. ఒక్క పేజీ. ఆ ఒక్క పేజీ రైతుకి చదివి వినిపించడానికి పది నిమిషాలు పట్టదు. చెప్పరు. పైగా మనమే అడిగితే వచ్చే జవాబు ఏమిటో తెలుసా? "గేరు ఆయిలు జోలికి మీరు వెళ్ళకండి, స్పెషల్ టూల్స్ కావాలి, తేడా వస్తే మొత్తం పోతుంది" అని.

ఇది అబద్ధం. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆయిలు మార్చడం అంటే గేరు బాక్సు విప్పడం కాదు. కింద ఒక ప్లగ్గు, పైన ఒక ప్లగ్గు. కిందది విప్పితే పాతది పోతుంది, పైనుంచి కొత్తది పోస్తాం. సరైన సైజు రింగు స్పానరు, ఒక టబ్బు, ఒక గరాటు, రెండు ముక్కల ట్యూబు, పాత లుంగీ. ఇదీ స్పెషల్ టూల్స్ అంటే. మోటారు విప్పి ఫుట్‌వాల్వు మార్చుకునే రైతు, స్టార్టరు డబ్బాలో ఫ్యూజులు వేసుకునే రైతు, స్ప్రేయరు మొత్తం విప్పి వాషర్లు మార్చుకునే రైతు ఈ పని చెయ్యలేడా?

వారంటీ సంగతి ఒప్పుకుంటాను. వారంటీ ఉన్నన్నాళ్ళు సర్వీసు వాళ్ళ దగ్గరే చేయించండి, బిల్లు దాచుకోండి. కాని వాళ్ళు చేసేటప్పుడు టీ తాగడానికి వెళ్ళకుండా పక్కన నిలబడండి. ఎందుకో చెప్తాను. నా బండికి ఒకసారి సర్వీసు బిల్లులో ముందు యాక్సిల్ ఆయిలు అని లీటర్లతో సహా వేశారు, డబ్బు కట్టాను. ఇంటికొచ్చి కింద దూరి చూస్తే ప్లగ్గు మీద ఎండిన బంకమన్ను ఎక్కడిదక్కడే ఉంది. పాత దమ్ముది. ప్లగ్గు తల కనపడనంత మన్ను ఉండగా ఆయిలు ఎలా దిగిందో, ఎలా ఎక్కిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. వెళ్ళి అడిగితే "మా కుర్రాడు మర్చిపోయుంటాడు సార్" అన్నారు. కుర్రాడు మర్చిపోయాడు సరే, బిల్లు రాసినాయన మర్చిపోలేదుగా! అప్పట్నుంచి ప్రతి ప్లగ్గు మీదా, దాని పక్కన హౌసింగు మీదా కలిపి మా కోడలి గోళ్ళరంగుతో ఒక గీత గీస్తాను. ప్లగ్గు కదిలితే గీత తెగుతుంది. తెగలేదంటే ఎవరూ ముట్టుకోలేదని లెక్క. పది రూపాయల ఖర్చు లేని సాక్ష్యం ఇది.

ఇప్పుడు రెండో రకం వాదన. ఇది షోరూము వాళ్ళది కాదు, మనవాళ్ళదే. "ఆయిలు బానే ఉంది, తెల్లగా మెరుస్తోంది, ఎందుకు మార్చడం?" ఇంజన్ ఆయిలు నల్లబడేది పొగ మసి వల్ల. గేరుల్లో మండేదేమీ లేదు, మసి లేదు. కాబట్టి రంగు చూసి గేరు ఆయిలు బాగుందనుకోవడం చొక్కా చూసి బీపీ చెప్పడం లాంటిది. లోపల జరిగేది వేరు. క్రౌను, పినియను పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, ఒరుసుకుంటూ జారతాయి. ఆ ఒరిపిడికి తట్టుకోవడానికే ఆయిల్లో మందులు కలుపుతారు. గంటలు గడిచేకొద్దీ ఆ మందు బలం తగ్గుతుంది, అరిగిన ఇనుప పొడి చేరుతుంది. వెనక ట్యాంకుకి ఫిల్టరు ఉంటుంది కాబట్టి కొంత పొడి అక్కడ ఆగుతుంది. ముందు యాక్సిల్‌కి ఫిల్టరే లేదు. అరిగిన పొడి అంతా ఆ ఆయిల్లోనే తిరుగుతూ మళ్ళీ ఆ పళ్ళనీ ఆ బేరింగుల్నీ రుద్దుతూ ఉంటుంది. ఫిల్టరు లేని చోట మనమే ఫిల్టరు. మార్చడమే మార్గం.

మన డెల్టాలో ఇంకో గండం ఉంది. దమ్ము. ఎండలో రెండు గంటలు నడిచి కాగిపోయిన యాక్సిల్‌ని తీసుకెళ్ళి మోకాలి లోతు చల్లని నీళ్ళలో దింపుతాం. లోపల వేడెక్కిన గాలి ఒక్కసారి చల్లారి ముడుచుకుంటుంది, బయటినుంచి ఏది దొరికితే అది లోపలికి లాక్కుంటుంది. గాలి తీసుకోవడానికి బ్రీదర్ అని చిన్న మూత పెట్టారు పైన. అది మన్నుతో పూడుకుపోయి ఉంటుంది. గాలి దొరకదు కాబట్టి సీలు పెదవి దగ్గర్నుంచి నీళ్ళు లాగుతుంది. అదే బండి మెట్టలో వేడెక్కితే లోపలి గాలి పెరిగి, బ్రీదరు మూసుకుపోయి, అదే సీలు దగ్గర్నుంచి ఆయిలు బయటికి తోస్తుంది. మనమేమో సీలు పోయిందని సీలు మారుస్తాం. మళ్ళీ నెలకి మళ్ళీ కారుతుంది. ఆ బ్రీదరు విప్పి డీజిల్లో కడిగి నోటితో ఊదిచూస్తే సరిపోయేది చాలాసార్లు.

నీళ్ళు కలిసిన ఆయిలు మజ్జిగలా తెల్లగా వస్తుంది. అలా వచ్చిందంటే గంటల లెక్క చూడకండి, వెంటనే దింపెయ్యండి. కలవకుండా అడుగున చేరిన నీళ్ళు పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. బండి రాత్రంతా కదలకుండా ఉంచి, తెల్లారి స్టార్టు చెయ్యకముందు కింది ప్లగ్గు కొద్దిగా వదులు చెయ్యండి. నీరు ఆయిలు కంటే బరువు కాబట్టి ముందు నీరే కారుతుంది. నేను సార్వా దమ్ములయ్యాక ఒకసారి, దాళ్వా దమ్ములయ్యాక ఒకసారి ఈ పరీక్ష చేస్తాను. మా పక్క ఊళ్ళో ఒకాయన బండి దమ్ము మధ్యలో ముందు క్రౌను పళ్ళు ఊడిపోయి ఆగింది. విప్పితే లోపల ఆయిలు కాదు, చిక్కటి తెల్లటి ముద్ద. బండి చేలో ఉంది, కాలవ నీళ్ళు వంతు అయిపోతున్నాయి, ఎనిమిది మంది చేలు ఆ బండి కోసం కాచుకుని ఉన్నాయి. రిపేరు ఖర్చు ఒక ఎత్తు, నాట్లు వెనకబడ్డ ఆ ఎనిమిది కుటుంబాలు ఒక ఎత్తు. మనం బండి గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండోది ఎవరూ లెక్కెయ్యరు.

ఖర్చు దగ్గర మన లెక్కలు ఎంత విచిత్రంగా ఉంటాయో చూడండి. వెనక ట్యాంకుకి మోడల్ని బట్టి ముప్పై లీటర్ల నుంచి అరవై దాకా పడుతుంది. 20 లీటర్ల బకెట్లు రెండో మూడో కావాలి. అది భారమే, కాదనను. ట్రాక్టరు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దించారు, సంతోషం. ఆ ట్రాక్టర్లో పోసే ఆయిలు మీద మాత్రం 18 శాతమే. బండి రైతుదట, ఆయిలు రైతుది కాదట! సరే, అది వేరే పోస్టు. నేను చెప్పేది ఏమిటంటే, వెనక ఆయిలు ఖరీదని వాయిదా వేశామంటే అర్థం ఉంది. ముందు యాక్సిల్‌కి పట్టేది నా బండికి ఏడు లీటర్ల లోపు. అంటే పిల్లాడి ఫోను రీచార్జిలు నాలుగైదు పెట్టు. ఖరీదైనది ఆలోచించి వాయిదా వేస్తున్నాం, చవకది ఆలోచించకుండానే వదిలేస్తున్నాం.

ఇంక పని చెప్తాను. చేసినవాళ్ళకి తెలుసు, చెయ్యనివాళ్ళు శ్రద్ధగా వినండి.

ముందు పుస్తకం తియ్యండి. ఏ ఆయిలు అని రాస్తే అదే. ఇక్కడ యూట్యూబు పండితులతో నాకు పెద్ద తగాదా. "గేరు ఆయిలు అంటే తొంభై నంబరు పోసేయండి, అన్నీ ఒకటే" అంటారు. ఒకటి కాదు. ఇప్పుడు వచ్చే చాలా బళ్ళకి బ్రేకులు ఆయిల్లోనే మునిగి ఉంటాయి. అదే ఆయిలు గేర్లకీ, లిఫ్టుకీ, బ్రేకులకీ. దానికి యూటీటీవో అనే రకం పొయ్యాలి. ఉత్త తొంభై నంబరు పోస్తే బ్రేకులు కీచుమంటాయి, పట్టు తగ్గుతుంది, ప్లేట్లు అరుగుతాయి, చలి పొద్దున లిఫ్టు మూలుగుతుంది. ముందు యాక్సిల్‌కి కొన్ని కంపెనీలు అదే ఆయిలు చెప్తాయి, కొన్ని చిక్కటి గేరు ఆయిలు చెప్తాయి. కాబట్టి పక్కింటి బండికి ఏం పోశారని అడక్కండి. డబ్బాల్లో లూజుగా అమ్మే ఆయిలు గురించి నేను ఒక్క మాట కూడా రాయదలచుకోలేదు.

చదునైన చోట బండి ఆపి, పావుగంట ఇరవై నిమిషాలు నడిపి ఆయిలు వెచ్చబడ్డాక ఆపండి. చల్లగా ఉంటే అడుగున ఉన్న మడ్డి కదలదు. చెయ్యి కాలేంత వేడి కూడా వద్దు. లిఫ్టు చేతులు పూర్తిగా కిందికి దించండి, సిలిండర్లో ఉన్న ఆయిలు కూడా ట్యాంకులోకి వస్తుంది. హ్యాండు బ్రేకు, చక్రాలకి ముందూ వెనకా దుంగలు. జాకీ మీద లేపిన బండి కింద దూరకండి, ట్రాక్టరు కింద జాగా దేవుడిచ్చినంత ఉంది, లేపాల్సిన పనే లేదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. ముందు పై ప్లగ్గు విప్పండి. కిందది కాదు, పైది. ఎందుకంటే పైది బిగుసుకుపోయి రాలేదనుకోండి, ఈలోపు కిందది విప్పి ఆయిలంతా పారబోసుంటే బండి కదలదు, కొత్తది పొయ్యడానికి దారి లేదు. పైది వచ్చిందని చేత్తో చూసుకున్నాకే కిందదాని మీద స్పానరు వెయ్యండి. విప్పే ముందు ప్లగ్గు చుట్టూ మన్ను ఇనుప బ్రష్షుతో గీకి గుడ్డతో తుడవాలి. లేకపోతే మన చేత్తో మనమే బంకమన్ను లోపల వేసినవాళ్ళమవుతాం. స్క్రూ పానాతో ప్రయత్నం చెయ్యకండి, తల అరిగితే తర్వాత వెల్డింగు షాపు దాకా వెళ్ళాలి.

కింది ప్లగ్గు బయటికొచ్చాక దాన్ని చూడండి. చాలావాటికి లోపలివైపు అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిద రంగు మెత్తటి ముద్ద, కాటుకలా పట్టి ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. వేళ్ళ మధ్య గుచ్చుకునే పెళుసులు, పంటి ముక్కలు ఉంటే మాత్రం కొత్త ఆయిలు పొయ్యకండి, మంచి మెకానిక్‌ని పిలవండి. అక్కడితో మన పని అయిపోయింది. క్రౌను సందు సర్దడం, బేరింగు మార్చడం ఇంటి పని కాదు. వీధిలో మెకానిక్ అన్నం మెతుకు నేను లాక్కోవాలని చూడట్లేదు. ఆయన పని ఆయనది, మన పని మనది.

ముందు యాక్సిల్ కొన్ని బళ్ళలో మొత్తం ఒకే ఆయిలు, కొన్నిటిలో మధ్య డిఫరెన్షియల్‌కి వేరు, రెండు చక్రాల దగ్గర హబ్బులకి వేరు. హబ్బు మొహం మీదే ప్లగ్గు ఉన్న రకం అయితే చక్రం తిప్పి ప్లగ్గుని అడుగుకి తెచ్చి దింపాలి. తర్వాత మళ్ళీ తిప్పి ప్లగ్గు పక్కకి, అంటే గడియారంలో మూడు దగ్గరకో తొమ్మిది దగ్గరకో తెచ్చి, అంచు దాకా పొయ్యాలి. ఇది తెలీక పైకి పెట్టి నిండా పోసేవాళ్ళున్నారు. ఎక్కువ పోస్తే బలం అనుకోకండి. ఎక్కువైన ఆయిలు చిలికి నురగై, వేడెక్కి, సీళ్ళని తోస్తుంది.

పూర్తిగా కారడానికి టైము ఇవ్వండి, అరగంట పోతే పోయింది. వాషరు కొత్తది వెయ్యండి, రాగిదైనా అల్యూమినియందైనా పాతది మళ్ళీ వెయ్యకండి. వెనక ఫిల్టరు మార్చాలి, జాలీ ఉంటే కడగాలి. ఆయిలు పోశాక స్టార్టు చేసి, లిఫ్టు పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, ఆపి, కాసేపు ఆగి డిప్‌స్టిక్కు చూస్తే మట్టం దిగి ఉంటుంది. మళ్ళీ పొయ్యండి. మర్నాడు పొద్దున కింద ఒక అట్టముక్క పరిచి చుక్క పడిందేమో చూడండి. మొత్తం ముందూ వెనకా కలిపి నాకు ఒక పూట. తేదీ, గంటలు, ఎన్ని లీటర్లు అన్నీ షెడ్డు తలుపు వెనక సుద్దతో కాదు, పెయింటుతో రాస్తాను.

ఆయిలు మార్చేసి మళ్ళీ తారు రోడ్డు మీద ఫోర్ వీల్ లివరు వేసుకుని తిరిగితే మాత్రం చేసిందంతా వృథా. ముందు చక్రాలు వెనక వాటికంటే ఒక పిసరు వేగంగా తిరిగేలా చేసుంటారు, బురదలో అది జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు. ఆ బిగువంతా పోయి క్రౌను పళ్ళ మీదే పడుతుంది. ముందు టైర్లు అరిగాయని సైజు మార్చి వేసేవాళ్ళకీ ఇదే గతి.

కార్ల వాళ్ళు కూడా అడుగుతుంటారు. మా మేనల్లుడు హైదరాబాదులో నాలుగు చక్రాలకీ లాగుడున్న కారు కొన్నాడు. "మావయ్యా, గేరు ఆయిలు జీవితాంతం మార్చక్కర్లేదంట" అన్నాడు. ఎవరి జీవితం అల్లుడూ, కారుదా, వారంటీదా అని అడిగాను. సూత్రం అదే. జిప్సీ, థార్, జిమ్నీ లాంటి వాటిలో గేరు బాక్సుకి వేరు, ట్రాన్స్‌ఫర్ కేసుకి వేరు, ముందు వెనక డిఫరెన్షియళ్ళకి వేరు ఆయిళ్ళుంటాయి. అక్కడా పై ప్లగ్గు ముందు. గేరు బాక్సుకి జీఎల్-4 రాస్తే జీఎల్-5 పెద్ద నంబరు కదా అని పొయ్యకండి. డిఫరెన్షియల్‌కి మంచి చేసే ఆ గంధకం మందు గేరు బాక్సులో ఇత్తడి రింగులకి పడకపోవచ్చు. ఆటోమేటిక్ గేర్ల కారైతే ఇంటి దగ్గర వద్దు, ఆయిలు ఇంత వేడిలో ఉండగానే మట్టం చూడాలని లెక్క ఉంటుంది, మీటరు లేకుండా కుదరదు. కారు కింద దూరేవాళ్ళు స్టాండ్లు వెయ్యకుండా దూరకండి, జాకీని నమ్మకండి.

ఇప్పుడు నాకు అసలు కోపం వచ్చే సంగతి. దింపిన ఆయిలు ఏం చేస్తున్నారు? కాలవ గట్టు మీద బండి పెట్టి, ప్లగ్గు విప్పి, అలాగే వదిలేసినవాళ్ళని చూశాను. గడ్డి చస్తుందని గట్టున పోసేవాళ్ళు ఉన్నారు. షెడ్డు దూలాలకి చెదలు పట్టకుండా పూస్తామని దాచి, సగం పూసి, మిగతాది చెరువు పక్కన బోర్లించేవాళ్ళు ఉన్నారు. నలభై లీటర్లు! ఆ నీళ్ళే గేదె తాగుతుంది, ఆ నీళ్ళే దిగువన రొయ్యల చెరువుకి పెడతారు. మందుల కంపెనీ కాలవలోకి నీళ్ళు వదిలితే ధర్నా చేస్తాం, ప్లకార్డులు పట్టుకుంటాం. మన బండి కింద మాత్రం చూసుకోం. వాడిన ఆయిలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో ఉంది, అది లైసెన్సున్న శుద్ధి కేంద్రానికి చేరాలి. మనం అంత దూరం వెళ్ళనక్కర్లేదు. కొత్త ఆయిలు వచ్చిన బకెట్లలోనే తిరిగి పోసి, మూత బిగించి, అందులో నీళ్ళూ డీజిలూ కలపకుండా, ఆ శుద్ధి కేంద్రాల తరఫున వాడిన ఆయిలు పోగుచేసే మనిషి ఏ గ్యారేజీకి వస్తాడో కనుక్కుని అక్కడ ఇవ్వండి. పెద్ద సర్వీసు షెడ్లలో అడిగితే చెప్తారు. లీటరుకి ఎంతో కొంత ఇస్తారు కూడా.

ప్లగ్గు సైజు ఎంత అని కింద అడిగేవాళ్ళకి ముందే చెప్తున్నాను. కంపెనీ కంపెనీకీ మారుతుంది, ఒకే బండిలో ముందుకీ వెనక్కీ కూడా మారుతుంది, కొన్నిటికి తల బయటికి ఉండదు, లోపలికి గుంట ఉండి అలెన్ కీ పడుతుంది. ముందు మన్ను గీకి, కొలిచి, తర్వాత స్పానరు కొనండి. కాలవలకి నీళ్ళు వదిలాక కాదు, ఈ ఎండల్లోనే.